దుందుభి దృష్టాంతమూ, కోట్ల రూపాయల గ్రామఫోనూ

బృహదారణ్యకోపనిషత్తు ద్వితీయాధ్యాయంలో యాజ్ఞవల్క్య మహర్షి గృహస్థాశ్రమాన్ని వీడబోతూ తన సంపదను ఇరువురు భార్యలకు పంచదలచినప్పుడు మైత్రేయీదేవి ఒక ప్రశ్న వేసింది. ధనపూర్ణమైన ఈ భూమండలమంతా తనదే అయినా దానివల్ల అమృతత్వం సిద్ధిస్తుందా అని. సిద్ధించదని మహర్షి నిస్సంశయంగా చెప్పాడు. ఈ సంవాదం ప్రసిద్ధమే. అయితే అదే బ్రాహ్మణంలో, కొంచెం తరువాత, దుందుభి, శంఖం, వీణ అనే మూడు దృష్టాంతాలు వస్తాయి. మ్రోగుతున్న దుందుభి నుండి వెలువడే ఒక్కొక్క ధ్వనిని విడిగా పట్టుకోవడం శక్యం కాదు. దుందుభిని గాని, దానిని మ్రోగించేవానిని గాని గ్రహిస్తేనే శబ్దం గ్రహింపబడుతుంది. ధనవిచారంతో మొదలైన ప్రకరణం శబ్దవిచారంలోకి ఎందుకు వచ్చిందో, ఈ కాలపు ఒక యంత్రాన్ని ఎదుట పెట్టుకొని ఆలోచిస్తే కొంత స్పష్టపడుతుంది.

ఆ యంత్రం పేరు టర్న్‌టేబుల్. పూర్వుల గ్రామఫోనుకు అది వారసురాలు. స్విట్జర్లాండుకు చెందిన గోల్డ్‌మండ్ సంస్థ ‘రిఫరెన్స్ 2’ అనే పేరుతో కేవలం 25 యంత్రాలను మాత్రమే నిర్మిస్తామని ప్రకటించి, ఒక్కొక్కదానికి 3 లక్షల డాలర్ల వెల నిర్ణయించింది. నేటి లెక్కన అది రెండు కోట్ల రూపాయలకు పైమాటే. జపానుకు చెందిన టెక్‌డాస్ సంస్థ యంత్రాలలో రికార్డును మోసే బరువైన పళ్లెం గాలిపొర మీద తేలుతూ తిరుగుతుంది. రికార్డు కదలకుండా క్రిందినుండి గాలిని పీల్చి దానిని పళ్లానికి అంటిపెట్టి ఉంచుతారు. ఇంత శ్రమా దేనికి? నిమిషానికి ముప్పదిమూడున్నరకు కాస్త తక్కువగా, అనగా 33 1/3 సార్లు, లేశమాత్రమైనా తొట్రుపాటు లేకుండా ఒక పళ్లెం తిరగడానికి. ఒక ఎల్.పి. రికార్డులో ఒక వైపున ఉండే గాడిని సాగదీస్తే సుమారు అర కిలోమీటరు పొడవు ఉంటుంది. ఆ గాడి గోడలలోని వంపులను వజ్రపు మొన గల ముల్లు తడుముతూ పోతుంది. నేల కంపించినా, మోటారు గుర్రుమన్నా ఆ కంపం కూడా పాటలో కలుస్తుంది. అందుచేత తిరిగే వస్తువు క్రింద తిరగని వస్తువును ఎంత దృఢంగా నిలపగలిగితే అంత నిర్మలమైన నాదం.

ఈ సూత్రం శ్రీకాకుళమండలవాసులకు క్రొత్తది కాదు. నరసన్నపేట నుండి శ్రీకూర్మక్షేత్రానికి వెళ్లి దర్శించుకొనే స్వామి చేసిన పని అదే గదా! మందరపర్వతం గిరగిరా తిరుగుతుంటే అడుగున ఆధారం లేక సముద్రంలోకి క్రుంగిపోయింది. కదలని కూర్మం వీపు లభించిన తరువాతనే మథనం సాగింది. యంత్రనిర్మాతలు పురాణం చదివి ఉండరు. అయినా ధర్మసూక్ష్మం ఒకటే. పైగా తిరిగే రికార్డులో ఒక విశేషం ఉంది: వెలుపలి అంచు వద్ద గాడి సెకనుకు అర మీటరు వేగంతో ముల్లు క్రిందుగా సాగిపోతుంది, లోపలికి వచ్చేకొద్దీ ఆ వేగం సగానికంటె తగ్గుతుంది, సరిగా కేంద్రబిందువు వద్ద చలనమే లేదు. రథనాభిలో ఆకులు నాటుకొని ఉండే ఉపమానాన్ని ఉపనిషత్తులు పలుమార్లు వాడాయి.

ఇక పూర్వపక్షం. “కోట్లు వెచ్చించి కొన్నవాడు దీపం తగ్గించి, తలుపు మూసి, ఇరవై నిమిషాలు కదలకుండా ఒక రాగాన్ని వింటాడు. చేతిలోని ఫోనులో అర నిమిషానికొక పాట మార్చేవానికంటె అతడే శ్రవణానికి దగ్గర కాదా?” ఈ మాటలో సత్యం ఉంది, తోసిపుచ్చరాదు. ఏకాగ్రత ఎక్కడ ఉన్నా ఆదరణీయమే. కాని వినడం మాత్రమే శ్రవణం కాదు. కురుక్షేత్రంలో భగవానుడు పలికిన ప్రతి అక్షరాన్నీ, ఏ లోపమూ లేకుండా, వ్యాసానుగ్రహం పొందిన సంజయుని ముఖతః విన్నవాడు ధృతరాష్ట్రుడు. అంతకంటె నిర్దుష్టమైన ప్రసారం లోకంలో మరొకటి లేదు. పదునెనిమిది అధ్యాయాలూ విన్నాడు. ఆయన పుత్రమోహంలో తులమెత్తు కూడా తగ్గలేదు.

మీమాంసకుల దృష్టిలో చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. వర్ణాత్మకమైన శబ్దం నిత్యం; కంఠతాల్వాదుల అభిఘాతం దానిని పుట్టించదు, వ్యక్తం చేస్తుంది. హెచ్చుతగ్గులు, మాంద్యతీవ్రతలు అభివ్యంజకమైన ధ్వనికి చెందినవే గాని శబ్దానివి కావు. నైయాయికులు దీనిని ఒప్పుకోరు. వారికి శబ్దం తరంగం తరువాత తరంగంగా పుట్టి నశించేది. రికార్డును చూస్తే ఇరుపక్షాలవారూ తమ మతానికే సాక్ష్యమంటారు. గాడిలో శబ్దం లేదు, వంపులే ఉన్నాయి. ముల్లు తగిలినప్పుడల్లా అదే వాక్కు వ్యక్తమవుతుందని మీమాంసకుడు, ప్రతిసారీ క్రొత్త శబ్దమే పుడుతుందని నైయాయికుడు. ఏ పక్షమైనా రెండు కోట్లతో కొనబడింది ధ్వని మాత్రమే. సంగీతానికి ధ్వనే ప్రాణం గనుక సంగీతరసికుని నిందించనవసరం లేదు. ఉపదేశవాక్యం మాటకొస్తే, రెండు కోట్ల యంత్రం మీదా రెండు వేల యంత్రం మీదా పలికేది ఒకే వాక్యం.

పూర్వం 78 వేగపు రికార్డులను లక్కతో చేసేవారు. మోదుగ, రేగు వంటి చెట్ల మీద పురుగులు స్రవించే లాక్షయే అది. వారణావతంలో పాండవులకు గృహమైనదీ అదే. ఒక వైపు మూడు నాలుగు నిమిషాలకు మించి పాడేది కాదు. కీ ఇవ్వాలి, ముల్లు మార్చాలి. నరసన్నపేట వంటి వర్తకస్థానాలలో సంపన్నుల ఇంటి అరుగు మీద పెట్టె తెరిస్తే అది వీధి అంతటికీ వినోదం. వస్తువు ఒకరిది, శ్రవణం పదుగురిది. నేటి ఖరీదైన యంత్రానికి ప్రత్యేకమైన గది కావాలి. ఆ గదిలో సరియైన స్థానంలో వేసిన కుర్చీ సాధారణంగా ఒక్కటే. వెల కంటె ఈ మార్పే ఎక్కువ విచారించదగినది.

ఇప్పుడు ఘంటసాల వేంకటేశ్వరరావుగారి గీత విషయం. ఆయన విజయనగరంలో మధుకరవృత్తితో కడుపు నింపుకొంటూ పట్రాయని సీతారామశాస్త్రిగారి వద్ద సంగీతం అభ్యసించారు. గురువుగారు ప్రతిఫలాపేక్ష లేకుండా విద్యాదానం చేశారు. ఆ కంఠం 1974 ఫిబ్రవరి 11న మూగబోయింది. చరమదశలో, వ్యాధిపీడిత దేహంతో, ఆయన గీతాశ్లోకాలను తెలుగు తాత్పర్యంతో సహా గానం చేయగా హెచ్.ఎం.వి. సంస్థ రికార్డుగా వెలువరించింది. సంస్కృతం రాని కోట్లాది తెలుగువారికి కృష్ణవాక్యం చేరిన దారి అదే.

ఆ దారి నేడు ఎటు పోతోంది? నరసన్నపేటలోనే కాదు, తెలుగునాట ఏ ఊరిలోనైనా ఆ కంఠం వీధిలో వినబడితే జనులు మొదట అడిగే ప్రశ్న, “ఎవరు పోయారు?” వైకుంఠరథం మీది స్పీకరులో, బొంగురు ధ్వనిలో, అది శవయాత్రకు గుర్తుగా మారింది. ఇంట్లో పెడితే అశుభమని పెద్దలే ఆపించడం కద్దు. ఇది రెండు కోట్ల పళ్లెం కంటె శోచనీయం. అక్కడ ఉపదేశాన్ని వదలి ధ్వనిని పట్టుకొన్నారు. ఇక్కడ ఉపదేశానికి భయపడి చెవి మూసుకొన్నారు. భగవానుడు గీతను పలికింది శవం ప్రక్కన కాదు. బ్రతికి ఉండి, విల్లు జారవిడిచి, కర్తవ్యం తోచక కూలబడిన ఒక గృహస్థుతో పలికాడు. గతించిన జీవునికి భగవన్నామం వినిపించడం తప్పు కాదు. బ్రతికినవారికి దానిని నిషేధించడమే వింత.

దుందుభి దృష్టాంతానికి శంకరభగవత్పాదుల భాష్యం ప్రకారం, విశేషధ్వనులు సామాన్యధ్వనిలో అంతర్గతాలు గనుక సామాన్యం ద్వారానే గ్రహించబడతాయి. అలాగే సర్వమూ ఆత్మలోనే గ్రహించబడుతుంది. ముల్లు నుండి గాడికి, గాడి నుండి గాయకునికి, గాయకుని నుండి సాలూరు గురువుగారికి, అక్కడినుండి పార్థసారథికి వెనుకకు నడిస్తే ఆ దృష్టాంతం పనిచేసినట్లు. యంత్రం వద్దే ఆగినవానికి దుందుభి తోలు మాత్రం దక్కుతుంది.

మార్గశిర శుద్ధ ఏకాదశి గీతాజయంతి. ఆనాడు ఉదయం స్నానానంతరం, ఇంట పిల్లలను కూర్చోబెట్టి ఆ గీతను వినిపించడానికి ఏ ధర్మశాస్త్రంలోనూ నిషేధం లేదు. ఫలానా వాద్యం మీదే వినాలన్న నియమమూ లేదు.