డోరు రబ్బరు

కారు షెడ్డులోకి వచ్చిన వెంటనే నేను డోరు తీసి చుట్టూ ఉన్న రబ్బరు మీద బొటనవేలు గట్టిగా రుద్ది చూస్తాను. తెల్లటి పిండి అంటితే ఆ బండి బండల ఫ్యాక్టరీల దారిలో తిరుగుతున్నట్టు. నల్లగా అంటితే రబ్బరే పొడి అవుతున్నట్టు. ఇరవై ఏళ్లకు పైగా బేతంచెర్లలో కార్లు బాగుచేస్తున్నాను. ఇంజను గురించి అడగనివాడు లేడు. డోరు రబ్బరు గురించి అడిగినవాళ్లను మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మా ఊళ్లో బండి నడిపేవాడి ముక్కులోకి దుమ్ము పోకుండా ఆపేది ఆ రబ్బరే.

మా దుమ్ము మామూలు మట్టి కాదు. గనుల్లో నాపరాయిని పొరలు పొరలుగా లేపుతారు. ఫ్యాక్టరీకి తెచ్చి నీళ్లు పోస్తూ కోసి పాలిష్ పడతారు. ఆ నీళ్లతో దిగే బురద తడిగా ఉన్నంతసేపు మజ్జిగలా పారుతుంది, ఎండితే గోడకు కొట్టిన సున్నంలా బిగుస్తుంది. దాన్ని లారీ టైర్లు నలిపితే మైదాపిండి కన్నా మెత్తన. డోరు సందులో దూరి రబ్బరు అంచు మీద కూర్చుంటుంది. ఇక డోరు వేసిన ప్రతిసారీ ఎమరీ పేపరు పెట్టి రుద్దినట్టే.

దానికి తోడు ఎండ. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ 42, 43 డిగ్రీలు కొత్త కాదు. నీడ లేనిచోట పొద్దంతా నిలబెట్టిన కారు డోరు సాయంత్రం లాగితే రబ్బరు రంగుకు అతుక్కుని చర్రుమంటూ ఊడుతుంది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ మనసుకు బాగుండదు.

పని నేర్చుకున్న కొత్తల్లో మేం రబ్బర్లను డీజిల్ గుడ్డతో తుడిచేవాళ్లం. ఆ పూటకు నిగనిగలాడేవి, బండాయన సంతోషంగా పోయేవాడు. ఒక స్కూలు అయ్యవారి కారుకు అట్లే మూడు నాలుగు సార్లు తుడిచినాను. కొన్ని నెలలకు ఆయన వెనక డోరు రబ్బరు చేతిలో పట్టుకుని వచ్చినాడు. ఉబ్బి, సాగి, పట్టు వదిలి ఊడిపోయింది. ఇప్పటి కార్ల డోరు రబ్బరు చాలావరకు ఈపీడీఎం అనే రకం. ఎండను తట్టుకుంటుంది, నీళ్లను తట్టుకుంటుంది. డీజిల్, కిరోసిన్, గ్రీజు తగిలితే మాత్రం పీల్చుకుని ఉబ్బుతుంది. ఈ సంగతి నాకు ఆ తర్వాతే తెలిసింది. కొత్త రబ్బరు నా డబ్బుతో తెచ్చి వేసిచ్చినాను. ఆ రోజు నుంచి నా షెడ్డులో రబ్బరు దగ్గరికి డీజిల్ గుడ్డ పోదు.

ఇప్పుడు చేసేది సులువైన పనే. తడిగుడ్డతో పిండి పోయేదాకా తుడవాలి. పొడిగుడ్డతో తుడిచి ఆరనివ్వాలి. తర్వాత సిలికాన్ స్ప్రే గుడ్డ మీద కొట్టి, ఆ గుడ్డతో రబ్బరు పొడవునా పలచగా రాయాలి. నేరుగా డోరు మీద కొడితే అద్దాల మీద పడి మసకలు కడుతుంది. కొత్త రబ్బరు ఎక్కించేటప్పుడు లాగి సాగదీయకూడదు. సాగినది నెల రోజుల్లో వెనక్కి ముడుచుకుని అతుకు దగ్గర సందు పడుతుంది, దుమ్ముకు అంతకన్నా ఏం కావాలి? ఎక్కించినాక పది రూపాయల నోటు మధ్యలో పెట్టి డోరు వేసి లాగుతాను. బిగువుగా వస్తే సరి. జారి వచ్చిందంటే ఆ చోట మళ్లీ చూడాల్సిందే.

ఒక జనవరిలో, బండల వ్యాపారం చేసే ఒక పెద్దాయన షెడ్డులో కూర్చుని ఉండగా మిషిగన్ నుంచి కొడుకు ఫోన్ చేసినాడు. రాత్రి వాన పడి, తర్వాత చలి మైనస్ పదిహేనుకు దిగిందంట. పొద్దున డోరు రాకపోతే బలంగా లాగినాడు, రబ్బరు చిరిగి డోరుతో పాటే వచ్చింది. పెద్దాయన ఫోను నా చేతికిచ్చినాడు.

"అన్నా, మంచుకు ఏం చేయాల?" అన్నాడు అబ్బాయి.

"మాకు ఎండకు అతుక్కుంటుంది నాయనా, నీకు నీళ్లు గడ్డకట్టి అతుక్కుంటుంది. నీళ్లు లేకుంటే గడ్డ ఎక్కడిది? సాయంత్రం రబ్బరు పొడిగా తుడిచి సిలికాన్ పలచగా రాయి. దాని మీద నీళ్లు నిలవవు. ఎప్పుడైనా బిగుసుకుంటే లాగొద్దు, బయటినుంచి అరచేత్తో డోరును లోపలికి నొక్కు, గడ్డ పగులుతుంది. వేడినీళ్లు పోయొద్దు, అద్దం పగలొచ్చు. పోసిన నీళ్లు మళ్లీ గడ్డకడతాయి కూడా."

మంచు నేను కళ్లతో చూసింది లేదు. రబ్బరు తెలుసు కాబట్టి ధైర్యంగా చెప్పినాను. వారం తర్వాత డోర్లు సులువుగా వస్తున్నాయని కబురొచ్చింది. ఆ సంతోషం చాలా రోజులు ఉన్నింది నాకు.

ఆ రోజు ఫోను పెట్టేసినాక పెద్దాయన, "వానికి అంత చెప్పినావు, నా బండి ఎప్పుడన్నా చూసినావాప్పా?" అన్నాడు. చూసినాను. రబ్బర్లు బాగానే ఉన్నాయి. డోరు ఊపితే మాత్రం లోపల నీళ్లు కదిలిన చప్పుడు. అద్దం పక్కనుంచి దిగే నీళ్లు బయటికి పోవడానికి ప్రతి డోరు అడుగునా చిన్న బెజ్జాలుంటాయి. ఆయన బండికి అన్నీ రాతిపిండితో పూడిపోయినాయి. ఇనుప తీగ పెడితే రంగు గీరుకుని తుప్పు మొదలవుతుందని చీపురుపుల్ల తెచ్చి మెల్లగా పొడిచినాను. ముందు తెల్లటి ముద్ద ఊడిపడింది, వెనకాలే చెంబెడు నీళ్లు. ఆయన పంచె పైకి కట్టుకుని రెండో డోరు దగ్గర కూర్చుని, "పుల్ల ఇట్లియ్యి, ఇది నేను చేస్తా" అన్నాడు.