కొరికిన రొట్టె

సమర్ఖండ్ వెళ్లినవాళ్లెవరైనా ముందు రెగిస్తాన్ కూడలి గురించే చెబుతారు. నీలిరంగు పలకలు తాపిన మూడు మదరసాలు, వాటిలో పాతది ఉలుగ్ బేగ్ కట్టించగా 1420లో పూర్తయింది. నేనూ కళ్లప్పగించి చూశా. కానీ మనసులో నిలిచిపోయింది మాత్రం బజారులోని రొట్టె. మన నాన్‌కు దగ్గరి చుట్టమే. కాల్చేముందు 'చెకిచ్' అనే ముళ్ల అచ్చుతో మధ్యలో గుచ్చుతారు. అక్కడ పొంగకుండా పువ్వు ముద్ర నిలుస్తుంది. దాన్ని బోర్లా పెట్టడం ఉజ్బెక్‌లకు మహాతప్పు!

కొడుకు దూరదేశం వెళ్తుంటే రొట్టె ఒక్కసారి కొరికించి, మిగిలింది అతనొచ్చేదాకా ఇంట్లో దాచే ఆచారమూ ఉంది. ఆ మాట వినగానే అమెరికా వెళ్లే పిల్లల పెట్టెలో ఆవకాయ సర్దే మన అమ్మలు గుర్తొచ్చారు. మనం పిల్లల వెంట ఇంటి రుచిని పంపిస్తాం. వాళ్లేమో, తిరిగిరావడానికి ఇంట్లో ఓ ముక్క మిగుల్చుకుంటారు.