కౌంటు ఎంత సార్?

వానాకాలం వచ్చిందంటే మా వార్డులో పలకరింపు మారిపోతుంది. "ఎలా ఉన్నాడు?" అని ఎవరూ అడగరు. "కౌంటు ఎంత?" అంటారు, అంటే ప్లేట్‌లెట్ల కౌంటు. పంజాగుట్టలో ఇరవై ఏళ్లుగా డెంగీ రోగులను చూస్తున్నాను. ఈ ప్రశ్నకు జవాబు చెప్పీ చెప్పీ విసిగిపోయాను.

మొన్నటి కుర్రాడు అమీర్‌పేట హాస్టల్లో ఉండి కోచింగ్‌కు వెళ్తున్నాడు. ఐదో రోజు జ్వరం దిగింది, కౌంటూ 22 వేలకు దిగింది. నల్లగొండ నుంచి బస్సెక్కి వచ్చిన తండ్రి నా చెయ్యి వదలడు. "ఎక్కియ్యరేంది సారూ? అప్పు జేసైనా కడ్త. పిలగాడు దక్కాలె." ఆయన వెనకాల ఆరుగురు హాస్టల్ మిత్రులు చొక్కా చేతులు మడిచి నిలబడ్డారు.

చిగుళ్లు చూశాను, పొట్ట నొక్కి చూశాను. ఎక్కడా రక్తస్రావం లేదు. నన్ను కంగారు పెట్టింది వేరే అంకె. రక్తం చిక్కదనం చెప్పే పీసీవీ 41 నుంచి 48కి ఎక్కింది. డెంగీలో ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా ఇదే. జ్వరం దిగే ఆ ఒకటి రెండు రోజుల్లో రక్తనాళాల్లోని నీరు బయటికి కారి, రక్తం చిక్కబడి, బీపీ పడిపోతుంది. దానికి మందు కొలిచి ఎక్కించే సెలైన్. ఆ కారడాన్ని ప్లేట్‌లెట్లు ఆపలేవు. రక్తస్రావం లేకపోతే, కౌంటు 10 వేల కిందికి పోయేదాకా సాధారణంగా వాటి అవసరమే రాదు. సింగపూర్, మలేసియా డాక్టర్లు 20 వేలు, అంతకన్నా తక్కువ కౌంటున్న 372 మందిని పరిశీలించి 2017లో లాన్సెట్‌లో రాశారు. ముందుజాగ్రత్తగా ఎక్కించినందువల్ల రక్తస్రావం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు, దుష్ఫలితాలు మాత్రం పెరిగాయి.

ఇంత గట్టిగా చెప్పే నేనే ఒకసారి లొంగిపోయాను. అప్పుడు వేరే ఆస్పత్రిలో ఉండేవాణ్ని. 38 వేల కౌంటున్న మనిషి చుట్టూ బంధువులు కేకలేస్తుంటే భయపడి చీటీ రాసిచ్చాను. బ్లడ్ బ్యాంకులో ఉన్న సంచులన్నీ అటే పోయాయి. అదే రాత్రి తొమ్మిదేళ్ల ల్యుకేమియా పాపకు ముక్కులోంచి రక్తం ఆగలేదు. కౌంటు 6 వేలు. ప్లేట్‌లెట్లను ఊపుతూ, 20 నుంచి 24 డిగ్రీల మధ్య ఉంచినా ఐదు రోజులే నిలుస్తాయి. మూటగట్టి దాచుకునే సరుకు కాదు. పొద్దున పదింటికి గానీ దాత దొరకలేదు. అప్పటిదాకా ఆ తల్లి తువ్వాలు తడిపి, పిండి, మళ్లీ అద్దుతూ కూర్చుంది. బకెట్లో నీళ్ల రంగు నాకింకా గుర్తే. పాప గట్టెక్కింది. ఆ చీటీ మీద సంతకం నాది.

అందుకే నల్లగొండ పెద్దాయనకు లొంగలేదు. మంచం కింద సీసాలో దాచిన బొప్పాయాకు పసరు కనబడినప్పుడు మాత్రం కేకలేశాను. వాంతులతో నీరసించినవాడికి ఆ చేదు పట్టిస్తే లోపలికి నీళ్లు నిలుస్తాయా? తర్వాత ఆయన మొహం చూసి నాకే బాధేసింది. రెండు రోజులకు పీసీవీ దిగింది, కౌంటు దానంతటదే 46 వేలకు ఎక్కింది.

మిత్రులను మాత్రం వదల్లేదు. "వీడికి అక్కర్లేదు. పక్క వార్డులో కీమో నడుస్తున్న పిల్లాడికి కావాలి, వస్తారా?" అన్నాను. ఇద్దరు ముందుకొచ్చారు. ఒకడు ముందురోజు తలనొప్పికి ఆస్ప్రిన్ వేసుకున్నాడు, మూడు రోజులు ఆగి రమ్మన్నాం. రెండోవాడికి పరీక్షలన్నీ చేసి కూర్చోబెట్టాం. యంత్రం రక్తం తీసుకుంటుంది, తిప్పి ప్లేట్‌లెట్లు వేరుచేస్తుంది, మిగతాది అతనికే ఎక్కిస్తుంది. గంటపైన పట్టింది. మధ్యలో పెదవులు జిల్లుమంటున్నాయన్నాడు. కాల్షియం బిళ్ల ఇచ్చాం.

"నాకు తక్కువైతయా సార్?"

"నాలుగు రోజుల్లో నీ ఒళ్లే మళ్లీ తయారుచేసుకుంటుంది."

టెక్నీషియన్ సంచిని లైటుకెదురుగా పట్టుకుని మెల్లగా కదిపాడు. లేత పసుపు నీళ్లలో సన్నటి సుడులు మెరుస్తూ తిరిగాయి. ప్లేట్‌లెట్లు బాగున్నాయనడానికి అదే గుర్తు. "ఇవి నాయేనా?" అన్నాడు కుర్రాడు. మోచేతి మడతలో దూది అదుముకుని, సంచి పట్టుకెళ్తున్న నర్సు వెంట పక్క వార్డు తలుపుదాకా నడిచాడు.