ఫాల్సిపారం: ఒక మాట, రెండు కాన్పులు



మలేరియా పరీక్ష కాగితం మీద 'ఫాల్సిపారం' అన్న మాట చదివి భయపడినవారు మీలో ఉండవచ్చును. ఆ మాటకు అర్థమేమిటో ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఆలోచించలేదు.

అది లాటిన్ సమాసము. 'ఫాల్క్స్' అనగా కొడవలి. మన 'ఇల్లు' విభక్తికి ముందు 'ఇంటి' అయినట్లే, అది షష్ఠిలో 'ఫాల్కిస్' అవుతుంది. రెండవ భాగానికి మూలము 'పరెరె', అనగా కనుట. 'కను' నుండి మనకు 'కాన్పు' వచ్చినట్లు వారికి 'పర్తుస్' వచ్చింది. సమాసాంతంలో ఇది పుంలింగమున 'పరుస్', స్త్రీలింగమున 'పర', నపుంసకమున 'పరుమ్'. 'ప్లాస్మోడియం' నపుంసక పదము గనుక దాని విశేషణము 'ఫాల్సిపారం' అయింది. కొడవలిని కనునది అని అర్థము. రోగి రక్తంలో ఈ క్రిమి కొడవలి ఆకారపు గామెటోసైట్లుగా మారుతుంది. దోమ పీల్చుకొనిపోయేది వాటినే.

ప్రసూతి వైద్యులు వ్రాసే 'పారా' కూడా ఈ ధాతువు బిడ్డయే. ఈ సంగతి నాకు నేర్పినది ఒక కేసు షీటు.

1980లలో నాటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం అడవి అంచున పనిచేస్తున్నాను. ఎనిమిదవ నెల గర్భిణి అయిన ఒక కోయ యువతిని స్పృహ లేని స్థితిలో మంచం మీద మోసుకొని వచ్చారు. షీటు మీద పైన 'గ్రావిడా 2, పారా 1'. క్రింద రక్తపరీక్ష ఫలితము 'ఫాల్సిపారం'. గ్లూకోజులో క్వినైన్ ఎక్కించాము. తల్లి దక్కింది. బిడ్డ మృతశిశువుగా పుట్టింది. ఈ క్రిమి సోకిన రక్తకణాలు మాయలో పేరుకొని శిశువుకు పోషణ అందనీయవు.

అంతకు పది రోజుల ముందు ఆమె సంతకు వచ్చి, కొద్దిగా జ్వరమని నాకు చూపించుకొన్నది. నేను పారాసెటమాల్ బిళ్ళలిచ్చి పంపాను, స్లైడు తీయించలేదు. ఆ తప్పు నాదే.

మృతశిశువైనా కాన్పు కాన్పే గనుక లెక్క ప్రకారము 'పారా 2' అని దిద్దాను. ఆమె వట్టి చేతులతో ఇంటికి వెళ్ళింది.

అందుచేత ఒక్క మాట. మన ప్రాంతంలో గర్భిణికి జ్వరము వస్తే, ఎంత స్వల్పమైనా సరే, ఆనాడే రక్తపరీక్ష చేయించండి. జ్వరము తగ్గినా మందులు చివరి మోతాదు వరకు వాడించండి. దోమతెర లేకుండా పడుకోనీయకండి.