అడవికి అంచు కట్టిన ఊళ్లు

జగదల్‌పూర్ దాటి దర్భా వైపు వెళ్లే దారిలోని ఊళ్లలో పూలతోట అనదగ్గది మొదటి చూపుకు ఏదీ కనిపించదు. వానలు వెలిసిన రోజుల్లో దడి మీద సొర, గుమ్మడి తీగలు ఒకదాన్నొకటి తోసుకుంటూ పాకుతాయి. మొక్కజొన్న మధ్య బంతి తల ఎత్తుతుంది. ఎవరూ నాటని గడ్డిపూలు గోడ వారగా పూస్తాయి. కుండీలు లేవు, వరసలు లేవు, కత్తిరించిన పచ్చిక లేదు. అయినా పట్నం నుంచి వచ్చినవాళ్లు దాన్ని పిచ్చిమొక్కల దిబ్బ అనుకోరు. మనిషి చేయి పడిన చోటని ఇట్టే తెలిసిపోతుంది.

ఆ తెలియడానికి కారణం మొక్కల్లో లేదు, వాటి చుట్టూ ఉంది. వెదురు బద్దలతో అల్లిన దడి ఎక్కడా విరగకుండా నిలబడి ఉంటుంది. కొన్నిచోట్ల దడికి బదులు నిలువుగా పాతిన పలకరాళ్లు ఉంటాయి. వాకిలి ఊడ్చి, పేడతో అలికి ఉంటుంది. గుమ్మం నుంచి పెరట్లోకి ఒక కాలిబాట స్పష్టంగా సాగుతుంది. లోపల మొక్క ఎంత ఇష్టారాజ్యంగా పెరిగినా దడి, వాకిలి, బాట మాత్రం రోజూ ఎవరో చూసుకుంటున్నారని చెబుతాయి.

తోటల ప్రపంచం ఇదే సంగతిని చాలా చర్చించాకగానీ ఒప్పుకోలేదు. విక్టోరియా కాలపు ఇంగ్లండ్‌లో తివాచీ పరిచినట్టు పూలమొక్కలను రంగుల వారీగా నాటడం ఫ్యాషన్. దాన్ని ఎదిరించిన ఐరిష్ తోటమాలి విలియం రాబిన్సన్ 1870లో ‘ద వైల్డ్ గార్డెన్’ పుస్తకం రాసి, మొక్కలను వాటి స్వభావానికి వదిలేయమన్నాడు. వదిలేస్తే ఇరుగుపొరుగు ఊరుకోరన్నది తర్వాత తేలిన విషయం. అమెరికా ల్యాండ్‌స్కేప్ నిపుణురాలు జోన్ నాసౌర్ 1995లో రాసిన ఒక వ్యాసంలో దానికి విరుగుడు చెప్పారు. ప్రకృతికి మేలు చేసే తోట చూడటానికి చిందరవందరగా ఉంటుంది. దాని చుట్టూ క్రమం కనిపించే ఒక చట్రం ఉంటే జనం ఒప్పుకుంటారు. గడ్డి కోసిన అంచు, కంచె, బాట లాంటి ‘ఆలనా పాలనా గుర్తులు’ చాలునన్నది ఆమె వాదన. బస్తర్ పెరళ్లలో ఆ గుర్తులన్నీ ఉన్నాయి.

ఊరి అంచున ఉండే దేవగుడి దీనికి పెద్ద ఉదాహరణ. పేరులో గుడి ఉన్నా చాలాచోట్ల అది ఒక చెట్ల గుంపే. గోండులకు పవిత్రమైన నల్లమద్ది, దాని పక్కన సాల, ఇప్ప, వాటిని చుట్టుకున్న అడవి తీగలు, కింద దట్టమైన పొదలు. అక్కడ కొమ్మ నరకకూడదు. చాలా ఊళ్లలో రాలిన పుల్లను కూడా ఇంటికి తీసుకుపోరు. అది మనుషులు కావాలని ఉంచుకున్న అడవి అని చెప్పేవి కొన్ని చిన్న వస్తువులు. మొక్కుబడి కింద పెట్టిన మట్టి ఏనుగులు, గుర్రాలు, ఇనుప త్రిశూలాలు, చిన్న పెంకుల చూరు, దాని ముందు ఊడ్చిన నాలుగడుగుల నేల.

ఇక ఇప్పచెట్లు. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున పూలు రాలే వేళకు చెట్టు కింద నేల శుభ్రంగా ఉంటుంది. ఏ చెట్టు కింద ఏ ఇంటివాళ్లు ఏరుకోవాలో ఊరికి తెలుసు. చుట్టూ ఆకులు, పొదలు ఎలా ఉన్నా, ఆ గుండ్రటి నేల చెట్టుకు ఒక కుటుంబం ఉందని చెబుతుంది. ఈ అలవాటుకు ఒక ప్రమాదమూ ఉంది. నేల శుభ్రం చేయడానికి ఆకులకు పెట్టే నిప్పు ఒక్కోసారి అడవికి అంటుకుంటుంది. కోతకూ లెక్క ఉంది. పండుం జరిగేదాకా కొత్త మామిడికాయ తినరు. భద్రాచలం ఏజెన్సీలోని కోయలకూ పండుం కొత్త కాదు.

ఈ గుర్తులు చదవడం రాని పాలకులు బస్తర్‌కు చాలా నష్టం చేశారు. బ్రిటిష్ హయాంలో అడవిలో అధికభాగాన్ని రిజర్వు చేయాలన్న ప్రతిపాదన 1910 నాటి భూమ్‌కాల్ తిరుగుబాటుకు ప్రధాన కారణాల్లో ఒకటి. అప్పుడు ఊరి నుంచి ఊరికి మామిడి కొమ్మలు, మిరపకాయలు, బాణాలు సందేశాలుగా తిరిగాయి. మళ్లీ 1970లలో మధ్యప్రదేశ్ ప్రభుత్వం ప్రపంచ బ్యాంకు సాయంతో ఇక్కడి సాల అడవిని కొట్టి, కాగితం గుజ్జుకు పనికొచ్చే కరీబియన్ పైన్ పెంచాలని తలపెట్టింది. పైన్ తోట వరసగా, ఒకే ఎత్తున, ఫొటోకు అందంగా ఉంటుంది. కానీ అందులో ఇప్పపువ్వు, విస్తరాకు, దుంప, పుట్టగొడుగు ఉండవు. ఆదివాసుల నిరసనలు, నిపుణుల విమర్శల మధ్య 1980ల ఆరంభంలో ఆ పథకం ఆగిపోయింది. క్రమం లేదని కొట్టేయబోయిన అడవిలో ఎంత క్రమం ఉందో అందులో బతికేవాళ్లకు మాత్రమే తెలుసు.

ఇప్పుడు వస్తున్నది వేరే రకం ముప్పు. బస్తర్ పేరు కాల్పుల వార్తల్లోనే కాక పర్యాటక జాబితాల్లోనూ వినిపిస్తోంది. 1982లో ఏర్పడిన కాంగేర్ లోయ జాతీయ పార్కు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది. అక్కడి ధూడ్‌మారాస్ గ్రామాన్ని ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2024లో తన గ్రామాల కార్యక్రమానికి ఎంపిక చేసింది. ఇటీవలి సంవత్సరాల్లో దేవగుడుల అభివృద్ధికి ప్రభుత్వ నిధులూ వచ్చాయి. దేవగుడి చుట్టూ ప్రహరీ కడితే ఆక్రమణ ఆగుతుంది, అంచు తెలుస్తుంది. నేలంతా సిమెంటు పరిచి, టైల్స్ అతికించి, రంగులేస్తే మాత్రం రాలిన గింజ మొలవడానికి జాగా ఉండదు. చట్రం మిగిలి బొమ్మ పోయినట్టవుతుంది. ఎక్కడ ఆపాలో చెప్పగలిగింది ఊరే. సామాజిక అటవీ వనరులను కాపాడుకునే హక్కు 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు ఇచ్చింది కూడా.

బస్తర్ పెరటిని చూసి వచ్చిన వారు విశాఖలోనో, హన్మకొండలోనో తమ ఇంటి ముందు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. మొదట అంచు. ఇటుక వరసైనా, మోకాలెత్తు వెదురు దడైనా సరే, వంకర పోకుండా ఉండాలి. రెండోది బాట. ఒక మనిషి సులువుగా నడిచేంత వెడల్పు ఉంచి, దాని మీదికి ఒరిగిన కొమ్మలు ఎప్పటికప్పుడు తీసేయాలి. మూడోది పునరావృతం. ఇరవై రకాలు ఒక్కో మొక్క చొప్పున పెడితే గందరగోళం, బంతి, చంద్రకాంత, శంఖుపువ్వు లాంటి మూడు నాలుగు రకాలే మళ్లీ మళ్లీ కనిపిస్తే అదొక ఆలోచన. పొడుగు మొక్కలు వెనక, పొట్టివి ముందు ఉండాలి. మధ్యలో ఒక అరుగో, నీళ్ల తొట్టో ఉంటే కంటికి ఆనుకునే చోటు దొరుకుతుంది. గింజ రాలాక ఒకసారి కోసేయాలి, అంతకు ముందు కాదు. స్వేచ్ఛ పేరుతో అన్నిటినీ రానివ్వడమూ కుదరదు. వయ్యారిభామ, లాంటానా కనిపిస్తే వేళ్లతో సహా పీకాల్సిందే.

చూడాలనుకునే వారికి అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. మోదుగ పూత కావాలంటే ఇంకొంచెం ఆగాలి, రేలపూల పసుపు చూడాలంటే ఎండలకు ఓర్చుకోవాలి. తీరథ్‌గఢ్ జలపాతానికి పరుగెత్తే కార్లు దారిలోని ఊళ్ల దగ్గర ఆగవు. ఆగినవారు దేవగుడిలోకి అడుగుపెట్టే ముందు ఊరివాళ్లను అడగడం మర్యాద. ఎందుకంటే అది ఎవరూ పట్టించుకోని అడవి కాదు. ఊడ్చిన ఆ నాలుగడుగుల నేల ఆ మాటే చెబుతుంది.