నరికినా తరగని అడవి!

నూటయాభై ఏళ్లుగా అక్కడ గొడ్డలి ఆగలేదు. అడవీ తరగలేదు. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, వుల్ఫ్ నది పారే మెనామినీ తెగవారి అడవి ముచ్చట ఇది.

చుట్టుపక్కలంతా పొలాలూ, పాడిపశువుల కొట్టాలూ. రిజర్వేషన్ పొలిమేర దాటగానే దారికి రెండువైపులా తెల్ల పైన్, షుగర్ మేపుల్, హెమ్లాక్ చెట్లు ఆకాశాన్ని కప్పేస్తాయి. ఉపగ్రహ చిత్రాల్లో చూస్తే గీత గీసినట్టు ముదురాకుపచ్చ రంగు మొదలయ్యేచోటే వీళ్ల సరిహద్దు!

రిజర్వేషన్ ఏర్పడింది 1854లో. ఇప్పుడున్నది దాదాపు 2.35 లక్షల ఎకరాలు. ఆనాడు ఇక్కడి కలప సుమారు 120 కోట్ల బోర్డు అడుగులని అంచనా. (అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం ఉన్న చెక్క ఒక బోర్డు అడుగు.) తర్వాత కొట్టింది 200 కోట్లకు పైమాటే. అయినా నేడు నిలబడి ఉన్న కలప ఆనాటికంటే ఎక్కువే!

ఇందులో మాయేమీ లేదు, లెక్కుంది. ఎంచుకున్న చోట్ల చెట్లను కొన్నేళ్లకోసారి కొలుస్తారు. ఎంత లావెక్కాయి, ఎన్ని చచ్చాయి, కొత్తగా ఎన్ని లేచాయి... అన్నీ రాసుకుంటారు. పెరిగినదాంట్లోంచి చచ్చింది తీసేయగా మిగిలేదే వడ్డీ. అది వాడుకోవచ్చు, అసలు ముట్టకూడదు. జబ్బుపడినవీ, ముదిరినవీ, గాలికి ఒరిగినవీ ముందు కొడతారు. పక్కనున్న పడుచు చెట్లకు ఎండ తగులుతుంది. నీడలోనూ పెరిగే మేపుల్‌ను ఒక్కొక్కటిగా ఏరి కొడితే, ఎండ లేనిదే మొలవని ఆస్పెన్‌ను మడులుగా ఒకేసారి కొడతారు.

ఈ లెక్క నిలబెట్టుకోవడానికి తెగ చాలా పోరాడింది. ముదిరిన చెట్లనే కొట్టాలని 1908లో చట్టం వచ్చినా, అధికారులు కొన్నిచోట్ల అడవిని మొత్తంగా నరికించేశారు. తెగ కోర్టుకెక్కింది. 1951లో 85 లక్షల డాలర్ల పరిహారం దక్కింది. 1961లో ప్రభుత్వం తెగ గుర్తింపునే రద్దుచేసింది. పన్నులు కట్టలేక చెరువుగట్టు స్థలాలు బయటివాళ్లకు అమ్ముకోవాల్సి వచ్చింది. అదా డీర్ వంటివారి ఉద్యమంతో 1973లో గుర్తింపు తిరిగొచ్చింది.

ఇప్పటి బెంగ వేరు. అడవిలో చెట్లు కొట్టే పనివాళ్లు దొరకడం లేదు. వడ్డీ అంతా చేతికి రావడం లేదు. తీయాల్సిన చెట్లు నిలబడే చచ్చిపోతుంటే, నియోపిట్‌లోని తెగ సొంత సామిల్లుకు దుంగలు చాలవు. దానిమీద బతికే ఇళ్లకు పని చాలదు. ఎక్కువ కొడితే అడవికి చేటు, తక్కువ కొడితే ఊరికి చేటు. ఆ రెంటి మధ్య నడవడమే మెనామినీల పని.