నలభై రోజుల నీళ్లు



కంభం నుండి అర్ధవీడు వెళ్లే దారి మాకు కొత్తది కాదు. ఏటా వానకాలములో ఒకసారైనా ఆ మండలములోని గ్రామములకు వెళ్లి, కుటుంబములతో రెండు మూడు దినములు గడిపి రావడం మాకు అలవాటు. పడమటి దిక్కున నల్లమల కొండలు గోడ కట్టినట్లు నిలిచి ఉంటాయి. అక్కడి వాన నీళ్లు జంపలేరుగా, గుండ్లకమ్మగా పారి కంభం చెరువు చేరతాయి. రెండు కొండల నడుమ కట్ట వేసి నిలిపిన ఆ చెరువును విజయనగర రాజుల కాలములో గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని పెద్దలు చెబుతారు. 2020లో అది ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడముల జాబితాలో చేరింది.

ఇంత పెద్ద చెరువు దగ్గరలో ఉన్నా, ఎగువనున్న పల్లెలకు నీటి కరువు తీరలేదు. శ్రీశైలం నీళ్లను కొండ తొలిచి తెచ్చే వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. ఆ జలాశయపు కట్టలలో ఒకటి ఈ మండలములోని కాకర్ల దగ్గరే ఉంది. పెద్ద నీళ్ల కోసం ఎదురుచూపు ఒక తరము దాటింది. అయితే మేము ఈ నెల రాయదలచినది పెద్ద నీళ్ల సంగతి కాదు. మోకాటి లోతు కుంట సంగతి. అందులో మా తప్పు కూడా ఒకటి ఉన్నది గనుక, దాచకుండా రాస్తున్నాము.

మేము దిగినది కొండ పాదములోని ఒక చిన్న పల్లె. పది రోజుల క్రితం ఒక మంచి వాన, మేము వెళ్లిన రాత్రి మరొక వాన పడ్డాయి. రాత్రంతా కుంట వైపు నుండి బావురుకప్పల అరుపులు. తెల్లవారి ఆ ఇంటి పెద్దమ్మ కాఫీ గ్లాసు చేతికిస్తూ అడిగింది.

"అయ్యగారూ, రాత్రి కప్పలు నిద్ర పోనిచ్చినయ్యా?"

"మంచిదే గదా పెద్దమ్మా, వాన పడిందనే గదా అవి అరిచేది."

"మంచిదే. పోయినేడు మాత్రం ఈ అరుపు నిలబడలేదు. మీరు ఆ చేపలు పోయించినాక కుంట మూగబోయింది."

ఆమె తప్పు పట్టాలని అనలేదు. ఉన్న మాట అన్నది. అయినా ఆ మాట మాకు గుచ్చుకున్నది.

కిందటి ఏడు ఆ పల్లెలో జ్వరములు ఎక్కువయ్యాయి. ఇద్దరు పసిపిల్లలను మార్కాపురం తీసుకుపోవలసి వచ్చింది. దేవుని దయవలన ఇద్దరూ కోలుకున్నారు. ఆ భయములో మేమే యౌవనస్థులను పోగుచేసి, దోమలను తినే గంబూసియా చేపలు తెప్పించి కుంటలో వేయించాము. చాలదన్నట్లు ఒడ్డు వెంబడి కాలిన ఇంజన్ ఆయిల్ కూడా పోయించాము. మంచి పని చేశామని సంతోషించి వెళ్లిపోయాము. వేసవిలో కుంట ఎండినప్పుడు ఆ చేపలు చచ్చిపోయాయి. ఈ ఏడు కూడా అయ్యగారు చెప్పకముందే పని కానిద్దామని, యౌవనస్థులు చేపలు నింపిన ప్లాస్టిక్ డబ్బా సిద్ధముగా పెట్టుకున్నారు.

పెద్దమ్మ మాట విన్న తరువాత, డబ్బా కుమ్మరించక ముందు కుంట ఒకసారి చూద్దామన్నాము. పక్క ఊరిలో ఉండే, రిటైరైన సైన్సు మాస్టారును కూడా పిలుచుకున్నాము.

పొద్దుటి ఎండలో నీళ్లు తేటగా ఉన్నాయి. గడ్డి పరకల నడుమ రాత్రి పెట్టిన గోదురుకప్ప గుడ్లు, జిగురు దారములో గుచ్చిన నల్లపూసల దండల్లా చుట్టుకొని ఉన్నాయి. ఒడ్డున వెచ్చని నీటిలో పాత వానకు పుట్టిన తోకకప్పలు గుంపులు గుంపులుగా ఉన్నాయి. కుంట మధ్య పచ్చని బావురుకప్పలు పసుపు పూసుకున్నట్లు మెరుస్తున్నాయి. వానకాలములో మగ కప్పకు ఆ రంగు వస్తుందని మాస్టారు చెప్పారు. చిన్నప్పుడు వీటిని చూచి, ఐగుప్తు మీదికి వచ్చిన తెగులు జ్ఞాపకము చేసుకొని పారిపోయేవారము. నిలబడి చూచింది తక్కువ.

మాస్టారు అరచేతిలో కొంచెము నీళ్లతో ఒక తోకకప్పను ఎత్తి చూపించారు. దాని పొట్టలో పేగు గడియారపు స్ప్రింగులా చుట్టలు చుట్టుకొని కనిపించింది. నాచు గీరి తినే జీవికి పేగు పొడుగు కావాలి. గుడ్డు పగలడానికి ఒకటి రెండు దినములు చాలు. తరువాత మొప్పలతో బ్రతుకుతుంది. ముందు వెనుక కాళ్లు వస్తాయి, ఆ తరువాత ముందు కాళ్లు. అప్పుడు నోరు, పేగు కూడా మారిపోతాయి. తినే తిండి నాచు నుండి పురుగులకు మారుతుంది. ఆ మార్పు జరిగే కొద్ది దినములు అది ఏమీ తినదు. తోక ఊడి పడిపోతుందని మేము అనుకునేవారము. నిజానికి తోక లోపలికే కరిగి ఒంటికి ఆహారమవుతుంది. ఇదంతా జరగడానికి మన వైపు కప్పలకు నెల నుండి నెలన్నర పడుతుంది. ఉజ్జాయింపుగా నలభై రోజులు.

ఈ మార్పును నడిపించేది మన గొంతులోనూ ఉండే థైరాయిడ్ గ్రంథి. 1912లో గూడెర్నాట్ష్ అనే శాస్త్రజ్ఞుడు గుర్రపు థైరాయిడ్ ముక్కలు తోకకప్పలకు తినిపిస్తే, అవి కాలము రాకముందే బుల్లి కప్పలైపోయాయి. ఆ గ్రంథి పనికి అయోడిన్ అవసరము. గొంతు వాపు రాకూడదని మనము అయోడిన్ ఉప్పు తింటాము గదా, దానికీ మనకూ అంత దగ్గర చుట్టరికము. కనుక ఆ గ్రంథిని చెడగొట్టే మందు నీటిలో కలిస్తే తోకకప్ప చావకపోయినా, కప్ప కాకుండా ఆగిపోవచ్చు, లేక వంకర కాళ్లతో బయటికి రావచ్చు.

"ఈ జీవికి కావలసినది నలభై రోజుల నీళ్లు, అయ్యగారూ. అంతకు మించి అడగదు. మనము ఆ నలభై రోజులే ఇవ్వలేకపోతున్నాము" అన్నారు మాస్టారు.

ఆ మాట మీద కుంట చుట్టూ నడిచాము. మొదట నీటి సంగతి. పూర్వము ఆ కుంట సంక్రాంతి దాకా నిలిచేదట. ఇప్పుడు చుట్టూ బోర్లు పడి భూమిలో నీళ్లు దిగిపోయాయి. పైనుండి వచ్చే వంకకు అడ్డముగా మట్టి పోసి బాట వేశారు. ఒడ్డున ఉండిన తుమ్మ చెట్లు కొట్టేశారు. నీడ పోయి నీళ్లు తొందరగా వేడెక్కుతున్నాయి. వేడి నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. నీళ్లు తగ్గుతున్నాయని తెలిస్తే కొన్ని జాతుల తోకకప్పలు త్వరపడి మారతాయి. కాని ఆ త్వరకు వెల ఉంది. కాల నిండిన కప్ప కంటే చిన్నదిగా, బలము లేనిదిగా ఒడ్డెక్కుతుంది. అటువంటివి ఎక్కువ కాలము బ్రతకవు. త్వరపడినా చాలనంతగా నీళ్లు ఎండితే, మొత్తము గుంపు బురదలో ఎండిపోతుంది.

కుంట అవతలి మూలకు వెళ్లేసరికి మా సంఘస్థుడే ఒక తమ్ముడు స్ప్రేయరు కడుగుతున్నాడు. అక్కడి నీళ్లు సబ్బు నురగలా ఉన్నాయి. ఒడ్డున తోకకప్పలు తెల్లని పొట్టలు పైకి తేలి ఉన్నాయి. కొన్ని బ్రతికి ఉన్నా, తోక కదపలేక ఒక్కచోటే గిరగిర తిరుగుతున్నాయి.

"ఏం తమ్ముడూ, ఇక్కడ కడుగుతున్నావు?"

"యాడ కడగమంటారయ్యగారూ? బోరు కాడ నీళ్లు రావడం లేదు. గడ్డిమందు కొట్టి వస్తున్నా. ట్యాంకు కడక్కుండా రేపు పురుగుమందు పోస్తే పత్తి మాడిపోతది. కౌలు చేను. పంట పోతే అప్పు కప్పలు తీరుస్తయ్యా?"

మాకు వెంటనే జవాబు దొరకలేదు. అతడు నవ్వుతూ అన్నా, ఆ మాటలో నవ్వు లేదు. కూలికి మనుషులు దొరకక గడ్డిమందు, గడ్డిమందుకు అప్పు, అప్పుకు మళ్లీ పంట. ఆ చక్రము బయట నిలబడి బోధించడం సుళువు.

మాస్టారు మాత్రము కోప్పడకుండా చెప్పారు. అమెరికాలో రిక్ రెల్యా అనే శాస్త్రజ్ఞుడు 2005లో ప్రచురించిన పరీక్షలలో, గ్లైఫోసేట్ గడ్డిమందు నేరుగా పడిన నీటి తొట్లలో మూడు వారములకు తోకకప్పలు దాదాపు అన్నీ చచ్చిపోయాయి. మందు ఆకుకు అంటుకోవడానికి కలిపే సబ్బు వంటి పదార్థమే ఎక్కువ హాని చేస్తుందని తేలింది. గడ్డిని చంపే మందు గడ్డినే చంపుతుందని మనము అనుకుంటాము. పలుచని చర్మముతో, మొప్పలతో నీటిలో ఉన్నదంతా ఒంటికి పట్టించుకునే జీవికి ఆ తేడా లేదు. మన దేశములో ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపివేసేవరకు ఎన్నో ఏండ్లు పొలములలో చల్లాము. చేపలకు, తోకకప్పలకు అతి కొద్ది మోతాదే చాలిన విషమది.

"ఈ కుంటలో నీ గేదె కూడా తాగుద్ది గదయ్యా" అన్నారు మాస్టారు చివరకు. తమ్ముడు తల వంచుకొని ట్యాంకు పక్కకు తీసుకున్నాడు.

ఇక చేపల డబ్బా సంగతి. గంబూసియా మన దేశపు చేప కాదు. అమెరికా ఖండపు చేపను దోమల నివారణకని 1928లో ఇక్కడికి తెచ్చారు. అది దోమ పురుగులను తినే మాట నిజమే. కప్ప గుడ్లను, లేత తోకకప్పలను కూడా తింటుంది. పెద్దవాటి తోకలు కొరుకుతుంది. వానకు నిండి వేసవికి ఎండే కుంటలలో సహజముగా చేపలు ఉండవు. అందుకే కప్పలు వాటిని ఎన్నుకుంటాయి. మేము వాటి పిల్లల ఊయలలోనే వేటగాడిని దించాము. ఇంజన్ ఆయిల్ సరేసరి. గాలి కోసము పైకి వచ్చే తోకకప్పకు ఆ జిడ్డు పొర మీద మూత పెట్టినట్లే.

మరి దోమలో? బావురుకప్ప పిల్లలు మాంసము తినేవి, దోమ పురుగులనూ తింటాయి. శ్రీలంకలోని పేరాదెనియ విశ్వవిద్యాలయ పరిశోధకులు, తోకకప్పలు డెంగీ దోమ గుడ్లను తింటాయని చూపించారు. మధ్య అమెరికాలోని కోస్టారికా, పనామాలలో, మనుషుల వ్యాపారముతో దేశదేశములకు పాకిన ఒక బూజు తెగులు వలన కప్పలు నశించిన ప్రాంతములలో తరువాతి ఏండ్లలో మలేరియా పెరిగిందని 2022లో ఒక పరిశోధన తేల్చింది. మన దేశమే ఒకప్పుడు కప్ప కాళ్లను వేల టన్నులు విదేశములకు అమ్ముకొని, పొలములలో పురుగు పెరుగుతున్నదని 1987లో ఆ ఎగుమతిని నిషేధించుకున్నది.

అంతేకాదు, డెంగీ దోమ కుంటలో కంటే ఇండ్ల దగ్గర నిలవ ఉన్న నీటిలోనే గుడ్లు పెడుతుంది. అది విని యౌవనస్థులు ఇల్లిల్లూ వెదికారు. డ్రమ్ములలో, పాత టైర్లలో, కోళ్లకు పెట్టిన చిప్పలలో దోమ పురుగులు కనిపించాయి. అన్నిటికంటే ఎక్కువ ఎక్కడ దొరికాయో రాయడానికి సిగ్గుపడుతున్నాము. ప్రార్థన మందిరము వెనుక, కాళ్లు కడుక్కోవడానికి మేమే కట్టించిన సిమెంటు తొట్టిలో. దానికి మూత లేదు, కడిగి ఎన్నాళ్లయిందో ఎవరికీ తెలియదు.

ఆ సాయంత్రము కూడికలో మా తప్పు మేము ఒప్పుకున్నాము. తరువాత అందరూ కలిసి మూడు మాటలు అనుకున్నారు. ఈ కుంటలో చేపలు, నూనె వేయకూడదు. డ్రమ్ములకు గుడ్డ కట్టి, వారానికి ఒకసారి ఎండబెట్టి కడగాలి. స్ప్రేయరు కుంటలో కడగకుండా, బిందెతో నీళ్లు చేను గట్టుకు తీసుకుపోయి కడిగి, ఆ నీళ్లు చేనులోనే పోయాలి. మూడవ మాటకు అందరూ సరే అనలేదు. బిందె మోయవలసినవారు వేరు, చెప్పేవారు వేరని ఒకరు అన్నారు. అదీ నిజమే. చివరకు గట్టు మీద ఒక పాత డ్రమ్ము పెట్టి వంతుల వారీగా నింపుతామని యౌవనస్థులు ముందుకు వచ్చారు. డబ్బాలోని చేపలను వంకలో పారబోయవద్దని మాస్టారు గట్టిగా చెప్పారు. వాటిని తెచ్చిన చోటికే పంపించాము.

నలభై అయిదు రోజుల తరువాత మళ్లీ వెళ్లాము. నడుమ వానలు సరిగా పడలేదు. కుంట సగానికి పైగా ఎండింది. స్ప్రేయరు కడిగిన మూల పూర్తిగా ఎండి, బురద పెచ్చుల మధ్య ఏ జీవమూ కనిపించలేదు. ఇవతలి లోతు భాగములో మాత్రము చాప వెడల్పున నీళ్లు మిగిలి ఉన్నాయి. అక్కడి నుండి బాట మీదికి గోరంత గోదురుకప్పలు గంతులు వేస్తూ వస్తున్నాయి. కొన్నిటికి తోక మొదలు ఇంకా చిన్న ముక్కగా మిగిలే ఉంది. వాటిలో ఎన్ని బ్రతికి పెద్దవవుతాయో చెప్పలేము. 2023లో ప్రపంచమంతటి లెక్క ప్రకారము, కప్పల వంటి ఉభయచరములలో నూటికి సుమారు 41 జాతులు అంతరించే ప్రమాదములో ఉన్నాయి. ఒక కుంట ఆ లెక్కను మార్చదు. అయినా ఆ కుంట ఆ పల్లెది, దాని పూచీ ఆ పల్లెదే.

పెద్దమ్మ మా ముందు నడుస్తున్నది. బాట మీద నిండా పిల్లకప్పలు ఉండేసరికి ఆగి, చీర కుచ్చెళ్లు పైకి ఎత్తిపట్టుకొని, చూచి చూచి అడుగు వేసింది.

"మెల్లగా రండి అయ్యగారూ, తొక్కేరు" అన్నది.

మేము చెప్పులు చేత పట్టుకొని ఆమె వెనుకనే నడిచాము.